మధ్యాహ్నపు గంట

ఆ ఉదయం ఆకాశం లోయలోకే దిగి కూర్చుంది. ఎదుటి కొండ లేదు, కింద బజారు లేదు. పొగమంచులో రోప్‌వే నడపకూడదు. అందుకే కింది గదిలో ఉండాల్సిన ఆపరేటర్ అన్నం క్యారేజీ పట్టుకొని కొండ ఎక్కుతున్నాడు, సిగ్గుతో చితికిపోతూ.

పై గదిలో ఆపరేటర్ ఒక అమ్మాయి. బంగాళదుంపల తొట్టి వదిలేముందు ఆమె ఒక గంట కొడుతుంది, అది కిందికి చేరాక అతనొక గంట. ఊరికి తెలిసింది అంతే. మధ్యాహ్నం మాత్రం ఆమె మెల్లగా ఇంకో గంట కొట్టేది. నేను తినబోతున్నా, నువ్వూ కూర్చో అని. అతను బదులు కొట్టి క్యారేజీ విప్పేవాడు. లోయకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు.

నోరు ఊరుకోక, ఆ సంగతి టీకొట్టు దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు. మర్నాడు ఆమె బజారుకొస్తే వీధి పొడవునా సైకిల్ బెల్లులే. ఆనాటి నుంచి మధ్యాహ్నపు గంట ఆగిపోయింది. అతని క్యారేజీ మూత తీయకుండానే ఇంటికి పోతోంది.

ఆమె పై గది గుమ్మం దగ్గర కప్పీకి గ్రీజు పూస్తోంది. తల ఎత్తలేదు.

"ఏంటి ఇంతదూరం? కింద సైకిళ్ళు అయిపోయాయా?"

"తప్పయింది. అందరి ముందూ చెప్పేశాను, అదంతా నేను కల్పించిందని. నువ్వసలు ఏ గంటా కొట్టలేదని."

గ్రీజు చేయి ఆగింది. "అలా చెప్పావా?"

"నీ పరువు పోకూడదని."

"మొదట చాటింపు వేశావు. ఇప్పుడు నేను కొట్టిన గంటనే అబద్ధం చేసొచ్చావు. ఏది ఎక్కువ మండిందో తెలుసా నీకు?"

అతనికి అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"మరి... నిజం చెప్పనా?"

"చెప్పు."

"నువ్వు కొట్టకపోతే నాకు ముద్ద దిగట్లేదు."

లోపల మోటారు విప్పుకు కూర్చున్న ఆమె నాన్న దగ్గాడు. "అబ్బాయ్, ఆ మాట మీ అమ్మానాన్నల్ని తీసుకొచ్చి చెప్పు. టీకొట్టుకు మాత్రం మేమే చెప్పుకుంటాంలే."

ఆమె చేతులు కడుక్కొని వచ్చి గంట తాడు లాగింది, మెల్లగా. కింద వినడానికి ఎవరూ లేరు.

అలవాటుగా బదులు కొట్టబోయి అతను చుట్టూ వెతికాడు. ఏమీ దొరక్క క్యారేజీ మూత మీద చెంచాతో ఒక్కటి తట్టాడు.

ముగ్గురూ నేలమీద కూర్చున్నారు. ఆమె తన గిన్నెలో కూర సగం తీసి అతని ముందు పెట్టింది. అతను తల ఎత్తకుండానే తిన్నాడు.