రోములో రాయని ఉత్తరం

ఏజెంట్ ఆదిశేషుకి ఢిల్లీ నుంచి వచ్చిన ఆర్డరు రెండే ముక్కలు. ఫిల్మ్ దొరకాలి. గోల కాకూడదు.

1982. మన తూర్పు తీరపు రాడార్ల నక్షాలు మైక్రోఫిల్ముగా మారి షార్జా చేరాయి. మధ్యాహ్నం మూడింటి కార్గో విమానంలో యూరప్ ఎగిరిపోతాయి. ప్రదర్శన ముగించుకుని తిరిగి వెళ్తున్న మూడు పాతకాలపు పోపు ఉత్తరాల్లో ఒకటి నకిలీ. దానికి వేలాడే సీసపు ముద్రలోనే ఫిల్మ్ ఉంది. ఈ సంగతి చేరవేసింది మదాం ఒడెట్, రెండు పక్షాలకీ పనిచేసే డబుల్ ఏజెంట్. ఏది నకిలీయో మాత్రం చెప్పలేదు. సగం నిజం చెప్పి పూర్తి జీతం తీసుకునే రకం.

రెండూ నలభై ఎనిమిదికి ఆదిశేషు కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ వేషంలో కార్గో షెడ్డులోకి వచ్చాడు. సీసంలోంచి ఎక్స్‌రే పోదు. లైటర్లో దాచిన అల్ట్రావయొలెట్ బల్బు కూడా ఏమీ పట్టివ్వలేదు. పొరపాటున అసలు ముద్ర పగిలితే ఆరువందల ఏళ్ళ వస్తువు మట్టిపాలు.

షెడ్డులో అప్పటికే గొడవ నడుస్తోంది. ముదీర్, అంటే షెడ్డు మేనేజరు, ప్యాకింగ్ లిస్టు చాపి నిలబడ్డాడు. ఎదురుగా నర్సాపురం ప్యాకర్ దేవదానం. పక్కనే, ఉత్తరాల వెంట వచ్చిన ఒడెట్.

"చుట్టింది ఈ మదాం. లోపల దొంగసరుకు దొరికితే జైలుకి నేనా? సంతకం పెట్టనండి."

"పాస్‌పోర్ట్ కఫీల్ కే పాస్ హై, మాలూమ్? నీకు వీసా ఇచ్చిన యజమాని దగ్గర! సంతకం పెట్టు, యల్లా."

"ఉండనివ్వండి. చెయ్యి నా దగ్గరే ఉంది."

ఆదిశేషుకి ఆ మాట నచ్చింది. తనిఖీ అని చెప్పి పెట్టె తెరిపించాడు. దేవదానం వంగి మూడు ఉత్తరాల చివరి పంక్తులూ చదివాడు. చిన్నప్పుడు లాటిన్ పూజలో ఫాదరుగారికి జవాబులు చెప్పినవాడు.

"ఇవన్నీ ఒకే పోపుగారివా సార్?"

"ఆరో క్లెమెంటువి."

"అయితే ఈ మూడోది దొంగదండి. రోములో రాసినట్టుంది. ఆయన పోపు అయ్యాక రోములో ఒక్కరోజు లేరండి. ఫ్రాన్సు పక్క అవిన్యాన్‌లో ఉన్నారు. ఏడుగురు పోపులు వరసగా డెబ్బై ఏళ్ళు అక్కడే. మా నాన్న చర్చిలో ఉపదేశి, బెత్తం పట్టుకుని బట్టీ పట్టించాడు."

ఒడెట్ నవ్వింది. "పోప్ అంటే రోమ్. కూలివాడి మాట విని మీ ఉద్యోగం పోగొట్టుకుంటారా, ఇన్‌స్పెక్టర్?"

"నీ లెక్క తప్పితే?" అప్పటిదాకా హిందీలో మాట్లాడిన ఆదిశేషు తెలుగులో అడిగాడు.

దేవదానం అదిరిపడ్డాడు గానీ వెనక్కి తగ్గలేదు. "పగలగొట్టింది దేవదానం అని రాయండి. దానికి సంతకం పెడతాను."

రెండూ యాభై ఎనిమిది. బయట లోడింగ్ బండి హారన్ కొడుతోంది. దేవదానం సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. సీసం రెండుగా విడిపోయింది. మధ్యలో మినపగింజంత నల్లటి చుట్ట.

ఒడెట్ హ్యాండ్‌బ్యాగులోకి చెయ్యి పెట్టేలోపే ఆదిశేషు ఆ మణికట్టు పట్టుకున్నాడు. అతను ముందే గుమ్మం దగ్గర కాపు పెట్టిన పోలీసులు ముదీర్‌ని ఆపారు.

బేడీలు వేస్తుంటే ఒడెట్ పళ్ళు కొరికింది. "ఆ ఉత్తరం రాసినవాడు ఇరవై ఏళ్ళు చరిత్ర చదివిన ప్రొఫెసర్!"

ఆ ఇంగ్లీషు మాటని ఆదిశేషు దేవదానానికి తెలుగులో చెప్పాడు. దేవదానం సుత్తి తుడుచుకుంటూ అన్నాడు: "సొంతింట్లో కూర్చుని చదివుంటాడండి. ఊరొదిలి బతికినోళ్ళ సంగతి ఆయనకేం తెలుస్తుందండీ."