జరిగిన ఉదాహరణలే కావాలి

“అడ్డుపుల్ల వెయ్యడం అని రాస్తే మీ పుస్తకం పరువేమైనా పోతుందా?” అంది అమ్మ.

“పుస్తకానికో హుందాతనం ఉంటుంది. భంగపరచడం అనే రాద్దాం,” అన్నాడు నాన్న, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

“హుందాగా అడ్డుపడేవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదురా,” అంది నానమ్మ.

ఈ గొడవ టీ కాచకముందే మొదలైంది. కప్పులు ఖాళీ అయినా తెగలేదు.

ఇంగ్లిషులో ఒకే అర్థానికి దగ్గరగా ఉండే మాటల్ని ఒక్కచోట చేర్చి, తెలుగులో విడమరచి చెప్పే పుస్తకం రాస్తున్నాడు నాన్న. ఇక మిగిలింది చివరి గుంపు. అనుకున్న పనికి అడ్డుతగిలే మాటలు: ఫాయిల్, స్టైమీ, థ్వార్ట్. ప్రతి మాటకీ ఒక ఉదాహరణ ఉండాలి. అది ఈ భోజనాల బల్ల దగ్గర అందరికీ అర్థం కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది ఎక్కడో ఒకచోట నిజంగా జరిగి ఉండాలి. కల్పించిన ఉదాహరణ కాగితప్పువ్వని నాన్న వాదన.

ఉదాహరణలు వెతికే పని నాన్న సహాయకుడిది. తెలివైనవాడే గానీ మాట సగంలో ఆగిపోతుంది. అందుకే నానమ్మ అతనికి ‘కామా’ అని పేరు పెట్టింది. ఈ గుంపుతో అతని పని అయిపోతుంది. రేపు పొద్దున్నే రైలెక్కి, వేరే ఊళ్లో కొత్త ఉద్యోగానికి వెళ్లిపోతాడు.

ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా పిడుగు గోడ గడియారం వైపు చూస్తోంది. పిడుగంటే ఈ ఇంటి ఒక్కగానొక్క కూతురు. కళ్లద్దాల షాపులో ఊరందరి చూపూ పరీక్షించే పిల్ల. కామా చూపు ఎటు పోతోందో ఏ అద్దాలూ లేకుండానే ఆమెకి తెలుసు. అతను అడగాలి, తను ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం ఆమె మనసులో ఎప్పుడో అయిపోయింది. అడగడమే ఈ మనిషి నోట్లోంచి ఊడిపడటం లేదు.

“ఫాయిల్,” అన్నాడు నాన్న. “చెప్పవయ్యా.”

కామా గొంతు సవరించుకున్నాడు. “ఒకబ్బాయి ఒకమ్మాయిని ఐస్‌క్రీం తిందామని పిలిచాడు. ఆ అమ్మాయి నానమ్మ వెంట వచ్చి, ఇద్దరి మధ్యా కూర్చుని, ఆ ప్లాన్‌ని ఫాయిల్ చేసింది.”

పిడుగు చేతిలోని కప్పు సాసర్ మీద టక్కుమంది.

“ఎవరోగానీ ఆవిడ, పానకంలో పుడక!” అంది నానమ్మ. “ఆ వయసులో పిల్లల మధ్య ఏం పని?”

“పైగా రెండు కప్పులు లాగించిందట నానమ్మా.”

“నీకెలా తెలుసే?”

“అలాంటివాళ్లు ఒకదానితో ఆగరుగా!”

నాన్నకి కథతో పనిలేదు. “జరిగిందేనా?”

“జరిగిందేనండి.”

“అయితే పాస్. స్టైమీ?”

“ఆ అబ్బాయే, అమ్మాయి పనిచేసే షాపుకి వెళ్లాడు. మాట నోటిదాకా వచ్చింది. అంతలో వాళ్లమ్మగారు విరిగిన కళ్లజోడు పట్టుకుని వచ్చారు. ముందుకీ వెనక్కీ కదల్లేక స్టైమీ అయిపోయాడు. చేసేదిలేక తనూ కళ్లు పరీక్ష చేయించుకున్నాడు.”

“బోర్డు మీద ఒక్క అక్షరమూ చదవలేకపోయాడట,” అంది పిడుగు. “చూపు బోర్డు వైపు ఉంటే కదా!”

అమ్మ తన కళ్లజోడు తీసి, కొత్తగా వేయించిన కాడని తడిమింది. కామాని చూసింది. కూతుర్ని చూసింది. “అయితే ఆ రోజు నువ్వక్కడ...”

నానమ్మకి అప్పుడు వెలిగింది. “ఓరి నీ దుంపతెగ! రెండు కప్పుల ముసల్ది నేనా?”

నాన్నొక్కడికే ఏమీ పట్టలేదు. “థ్వార్ట్?”

కామా చెవులు ఎర్రబడ్డాయి. “అది... మీకు కోపం వస్తుందేమో సార్.”

“ఉదాహరణకి కోపమేమిటయ్యా, కానీ.”

“ఒక సాయంత్రం వాన. వాళ్లిద్దరికీ ఒకటే గొడుగు. వీధి చివరికి వెళ్లేలోపు చెప్పేద్దామని అబ్బాయి గట్టిగా అనుకున్నాడు. వాన జోరందుకుంది. ఇద్దరూ కాస్త దగ్గరికి జరిగారు. ఎదురుగా ఆ అమ్మాయి నాన్నగారు... రెండు గొడుగులతో.”

నాన్న కళ్లజోడు నుదుటి మీంచి జారి ముక్కు మీద పడింది. “పాపం తడిసిపోతారని నేను...”

“ఇది భంగపరచడమా, అడ్డుపుల్లా? ఇప్పుడు చెప్పండి!” అంది అమ్మ.

“ముగ్గురం కలిసి వాడి నోరు కట్టేశాం,” అంది నానమ్మ. “ఇప్పుడైనా అడుగు నాయనా. ఇక్కణ్ణుంచి ఎవరం కదలం.”

కామా లేచి నిలబడ్డాడు. “అదే... నేను... మీ అమ్మాయిని...”

వీధి తలుపు బెల్లు మోగింది. అమ్మ లేవబోయింది. నానమ్మ కొంగు పట్టి కూర్చోబెట్టింది. బెల్లు మళ్లీ మోగింది. ఎవరూ కదల్లేదు. కామా నుదుటి మీద చెమట, చూపు మాత్రం పిడుగు మీదే. ఇక అతన్ని ఆటపట్టించాలనిపించలేదు ఆమెకి.

“నాన్నా, అమ్మా, నానమ్మా,” అంది మెల్లగా. “ఆయన అడగబోయేది నన్నే. నేను సరేనంటున్నాను. మేమిద్దరం పెళ్లి చేసుకుంటాం. రేపు ఆయన్ని రైలెక్కించడానికి స్టేషన్‌కి నేను వెళ్తాను. ఒక్కదాన్నే.”