బోర్లించిన డబ్బా

"చీపురుపల్లి స్టేషన్ వెయిటింగ్ హాలు. నూనె డబ్బాలో బాంబు. మన మనిషి అక్కడే ఉంది. కోడ్‌వర్డ్ కంద." ఫోన్‌లో చీఫ్ సింహాచలం గొంతు తగ్గించాడు. "బాంబ్ స్క్వాడ్ బయల్దేరింది గానీ, టైముకి అందుకోలేదు."

అంటే అందుకోవలసింది తనే. నరసన్నపేట వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ వినోద్ భయపడుతూనే స్టేషన్‌కి పరుగెత్తాడు. గూఢచారికి భయముండదని చెప్పేవాళ్ళెవరూ బాంబు పక్కన కూర్చున్న పాపాన పోలేదు.

స్టేషన్ మాస్టర్ అప్పటికే హాలు ఖాళీ చేయించాడు. మూల బెంచీ మీద నెమలికంఠం రంగు చీర, నల్లకళ్ళద్దాలు.

"కంద దొరికిందా?"

"బచ్చలి కూడా ఉన్నాది."

కుసుమకుమారి! విదేశీ ముఠాలో ఉంటూ మనకు కబుర్లందించే డబుల్ ఏజెంట్. లిప్‌స్టిక్ కూడా చెదరలేదు. కొంగు జరిపి చూపించింది. మణికట్టుకి బేడీ, బేడీ రెండోకొస డబ్బా కొక్కేనికి.

"నాను మీ మనిషినని కనిపెట్టేసినారు బావా. మూత కింద సెన్సరున్నాది. తొంబై డిగ్రీలైతే పేలిపోతాది. మూత తీసినా పేలతాది."

వినోద్ కళ్ళజోడు పెట్టెలో దాచిన థర్మల్ కెమెరా తీశాడు. రేకు మీది వేడిని బట్టి లోపల జరిగేది తెలిసిపోతోంది. అడుగున హీటర్. కాగిన నూనె మధ్యలోంచి పైకి లేస్తోంది, గోడల వెంట చల్లబడి దిగుతోంది, మళ్ళీ కాగి లేస్తోంది. నేచురల్ కన్వెక్షన్. మూత దగ్గర ఎనభై ఆరు.

"పారిపో. ఇద్దరం సావడం ఏటికి?"

నిజంగానే పారిపోవాలనిపించింది. కాళ్ళు గుమ్మం దాకా వెళ్ళాయి కూడా. ఆమె పిలవలేదు, మొహం గోడవైపు తిప్పుకుంది. అది చూడలేక వెనక్కి వచ్చి కూలబడ్డాడు.

వేడి నూనె పైకే పోతుంది. హీటరే పైనుంటే? వేడి అక్కడే ఉండిపోతుంది, సెన్సర్ చల్లటి అడుగున బతికిపోతుంది. కానీ లోపల టిల్ట్ స్విచ్ ఉంటే, డబ్బా ఒరగ్గానే ఇద్దరూ గాల్లో ఉంటారు.

"డబ్బా ఎలా తెచ్చారు?"

"హీటరేసేసినాకే ఆటోలో పెట్టినారు. గుంటల్లో రెండుసార్లు దొర్లిపోనాది."

టిల్ట్ స్విచ్ ఉంటే అప్పుడే పేలేది. మన రోడ్ల మీద ఆటోలో వచ్చే బాంబుకి అంత నాజూకు పనికిరాదు. ఈమె మాట నమ్మొచ్చా? బేడీ ఆమె చేతికే ఉంది, అబద్ధమాడి ఒరిగేదేమీ లేదు.

ఎనభై తొమ్మిది.

బేడీ చెయ్యితో సహా డబ్బాని ఎత్తి గచ్చు మీద బోర్లించాడు. నూనె గుడగుడమంది. చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఎనభై తొమ్మిది. ఎనభై తొమ్మిదే. ఎనభై ఎనిమిది...

అంకె దిగుతుండగానే స్క్వాడ్ వచ్చింది. బేడీ కోసి, డబ్బాని బోర్లించినట్టే పట్టుకుపోయింది. ఫోన్ మోగింది.

"శభాష్! బయపడ్డావేటిరా?"

"ఛ! నాకు భయమేంటి సార్?"

కుసుమకుమారి ఫోన్ దగ్గరకు వంగింది. "సార్, బేడీ ఊడదీసినారు గానీ, ఈయన సెయ్యి మాత్రం ఊడి రావట్నేదు. ఆ స్క్వాడునే మళ్ళీ పంపించండి."