కస్తూరి తిత్తిలో ఈగ

మిట్టమధ్యాహ్నం... సమర్కందు నడినెత్తిన సూర్యబింబానికి గ్రహణం పట్టింది! ఎడారి నుంచి లేచిన ఎర్రధూళి కోటగోడలను కమ్మేసింది. బిడారు విడిదిలో వందలాది ఒంటెలు ఒక్కసారిగా కూలబడి, నురగలు కక్కుతూ వికృతంగా అరిచాయి...

ఆ అరుపులు రోఖ్షాన్ చెవికెక్కలేదు. ఆమె చూపంతా అరచేతిలోని కస్తూరి తిత్తి మీదే ఉంది. కస్తూరి మంచిచెడ్డలు తేల్చడంలో ఆ నగరంలో ఆమెను మించినవారు లేరు. దూరదేశాల వర్తకులు సైతం ఆమె వాసన చూసి సరేనన్నాకే బేరం కుదుర్చుకునేవారు. కానీ ఈ తిత్తిని మాత్రం ఆమె వాసన చూడలేదు. అది కూతురు అష్మీ మెడలో ఉండేది. సార్థవాహుడు తిష్రాత్ ఇచ్చిన కానుక అది.

పది రోజుల క్రితం తిష్రాత్ నడిపించిన బిడారు తూర్పు నుంచి తిరిగొచ్చింది. ఆమె భర్త వఖుషక్ మాత్రం రాలేదు. దాహంతో ఎడారిలో ప్రాణం విడిచాడనీ, కస్తూరి దొరికే కొండదారి అతనొక్కడికే తెలుసనీ, ఆ రహస్యం అతనితోనే పోయిందనీ తిష్రాత్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. తిత్తి మెడలో పడిన మర్నాటి నుంచి అష్మీ తిండి మానేసింది. రోజూ మధ్యాహ్నం నిద్రలో నడిచినట్టు తిష్రాత్ ఇంటికి వెళ్లొస్తోంది. ఆపబోతే మగవాడి బలంతో తోసేస్తోంది! ఇవాళ ఏడో రోజు. ఇందాక అష్మీ అటు వెళ్తుంటే తాడు తెగి తిత్తి గడపలో పడింది.

రోఖ్షాన్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. పైన కస్తూరి... అడుగున తియ్యగా, జిగటగా మరో వాసన! కుట్టు విప్పింది. నల్లగా కుళ్లిన మాంసఖండం... నాలుక! మనిషి నాలుక! దాని కిందినుంచి ఒక ఈగ జిడ్డు రెక్కలీడ్చుకుంటూ పాకి వచ్చి, ఆమె బొటనవేలి మీద కూర్చుని తీరిగ్గా కాళ్లు రుద్దుకుంది.

తిత్తితో సహా కోట బయట, ఊరివాళ్లు అడుగుపెట్టని శవవాహకుల వాడకు పరుగెత్తింది. శవాలు మోసే ముసలి జీమక్ ఆమె చెప్పింది విని, దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. శవాల మీద వాలే పిశాచి ఈగ రూపంలో వస్తుందనీ, దాన్ని చూపుతో తరిమే శక్తి కుక్కకే ఉందనీ చెప్పాడు. కళ్లపైన రెండు మచ్చలున్న ముసలి ఆడకుక్కను విప్పి ఇచ్చాడు.

"ఏడో రోజు తంతు ముగిసిందంటే నీ పిల్ల ఇక నీకు దక్కదమ్మా. త్వరగా వెళ్లు. దీన్ని ఉసిగొల్పకు. చూడనియ్యి, చాలు."

తిష్రాత్ ఇంటి తలుపు తోయగానే దుర్గంధం ముఖాన కొట్టింది! రాగిపళ్లెంలో మురిగిన కొవ్వు... అందులో ఒక కపాలం... కంటిగుంటల్లో గిజగిజలాడే పురుగులు! ఎదురుగా అష్మీ. తెరిచిన నోట్లోకి ఈగలు వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఆ లేతగొంతులోంచి వఖుషక్ బొంగురుస్వరం వినిపించింది.

"ఉప్పు చెలమ దాటాక ఎడమకు తిరుగు... తిష్రాత్, నీళ్లడిగితే నాలుక కోశావేంరా..."

తిష్రాత్ మంత్రం ఆపి నవ్వాడు. "రా వదినా. మొగుడి గొంతు విని ఎన్నాళ్లయిందో, కూర్చో. ఆ కుక్కెందుకు? బొమికల వాసన పట్టిందా?"

"కంపు కొడుతున్నది ఆయన కాదు, నువ్వు," అంది రోఖ్షాన్.

కుక్క మొరగలేదు. కపాలాన్ని చూసింది... పిల్లను చూసింది... అంతే! ఈగలు నల్లని సుడిలా లేచాయి! గోడలకు కొట్టుకున్నాయి! పిశాచికి నిలవడానికో శరీరం కావాలి. మంత్రం అందుకోబోయిన తిష్రాత్ నోరు తెరిచే ఉంది...

మొత్తం దండు ఆ నోట్లోకి దూరింది! పొట్ట ఉబ్బింది. చర్మం పచ్చబడి, నల్లబడి, చీము కారుతూ జారిపోయింది. బతికుండగానే కుళ్లుతూ, తన వేళ్లు తన ముందే ఊడిపడుతుంటే అతడు ఊళపెట్టాడు. కుక్క కళ్లు తిప్పలేదు. ఊళ ఆగేసరికి నేల మీద జిగట మడుగొకటే మిగిలింది.

గ్రహణం విడిచి, వెలుగు మెల్లగా వాకిట్లోకి వచ్చింది. అష్మీ నల్లటి వాంతి చేసుకుని, తల్లి చెయ్యి పట్టుకుంది. గొంతు తనదే, బలహీనంగా ఉంది.

"అమ్మా... నాన్న ఇక రాడా?"

రోఖ్షాన్ కపాలాన్ని కొవ్వులోంచి తీసింది. పురుగులను ఒక్కొక్కటిగా ఏరేసి, దాన్ని తన పైబట్టలో చుట్టి గుండెకు హత్తుకుంది.

"వచ్చాడు తల్లీ. పద, ఇంటికి తీసుకెళ్దాం."