చెప్పులు విప్పిన దొంగ

"నా కార్డు ఎత్తుకపోయిన్రు సాబ్. అయినా సరే, రేపటి పందెం ఆగొద్దు!"

డిటెక్టివ్ లియాఖత్ అలీ ఆఫీసుకు వచ్చేవాళ్లు మామూలుగా ఏడుస్తూ వస్తారు. డిగ్రీ చదివే జాహేదా మాత్రం పళ్లు కొరుకుతూ వచ్చింది. లియాఖత్ అలీ దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంటుగా ఉన్న ఎల్లేశానికి ఆ తీరు భలే నచ్చింది. గబగబా కుర్చీ ముందుకు జరిపాడు.

"కోపం తర్వాత. ముందుగాల సంగతి చెప్పు," అన్నాడు లియాఖత్ అలీ.

"ఆటల కోసం కంప్యూటర్ చేసుకున్న సాబ్. పైసలు తక్కువున్నయని డబ్బా కొనలే, అన్నీ ప్లైవుడ్ పలక మీదనే బిగించిన. మానిటర్ పాతది. ప్రాసెసర్ చౌకది. మిగిలిన పైసలన్నీ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టిన. ఆటల బొమ్మ గీసేది అదే గద!"

"గట్ల కొనుమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. ఇన్‌స్టిట్యూట్‌ల పాఠం చెప్పే నర్సింహ సార్ అయితే కార్డు దండుగ, పెద్ద ప్రాసెసర్ కొనుక్కో అన్నడు. నేను ఇనలే."

తొంభైల చివర నల్లగొండలో కంప్యూటరంటే ఏసీ గదిలో తెర చాటున ఉండే వస్తువు. అలాంటి గదులున్న ఆ ఇన్‌స్టిట్యూట్ యజమాని రఘుపతి. గడియార స్తంభం దగ్గర భిక్షపతి అనే ఆసామికి ఒక మడిగె, అంటే దుకాణం గది, ఖాళీగా ఉంది. అందులో ఆటల దుకాణం పెట్టాలని జాహేదా, రెండో బ్రాంచి పెట్టాలని రఘుపతి పట్టుబట్టారు. "ముక్కలు ఏరుకొచ్చి అతికిస్తే కంప్యూటర్ అయితదా?" అని రఘుపతి నలుగురిలో నవ్వాడు. జాహేదా ఊరుకునే రకం కాదు. కార్ల రేసు ఆట ఎవరి మిషన్ మీద ఆగకుండా నడిస్తే మడిగె వాళ్లదేనని అక్కడికక్కడే పందెం కట్టింది. భిక్షపతి సరేనన్నాడు. ఇప్పుడు పందేనికి ముందురోజు ఆ కార్డే మాయమైంది.

కంప్యూటర్ ఉన్నది జాహేదా తండ్రి యాకూబ్ నడిపే మోటార్ వైండింగ్ దుకాణంలో, బోరు మోటార్ల పక్కన బల్ల మీద. ఎల్లేశం గడప దగ్గర వంగగానే లోపలినుంచి యాకూబ్ కేకేశాడు.

"చెప్పులు ఇడ్వకు అన్నా! నేలంత రాగితీగ ముక్కలే, కాళ్లల్ల దిగుతయ్. గీడ ఎవ్వరం ఇడ్వం."

"దొంగతనం ఎప్పుడైంది?" అడిగాడు లియాఖత్ అలీ.

"ఇయ్యాల పగటీలి జుమ్మా నమాజుకు పోయినప్పుడు సాబ్. బిడ్డ కాలేజీకి పోయింది. గొళ్లెం పెట్టిన గని తాళం వెయ్యలే. కార్డు మీది చిన్న ఫ్యాన్ ఊడితే నా వైండింగ్ దారంతోటి కట్టి వార్నిష్ పూసిన. కొత్తదాని కన్న గట్టిగుండె!"

ఎదురుగా మిర్చి బజ్జీలు వేసే ఖాదర్‌బీ దొంగను చూడలేదట. "గిరాకీ ఉండె. గడప బయట రబ్బరు చెప్పుల జత మాత్రం చూసిన. మసీదు కాడ ఇడ్సినట్టు పక్కపక్కకే ఉండె. చుట్టమెవరో వచ్చిండనుకున్న."

లియాఖత్ అలీ కళ్లు చిన్నవయ్యాయి. ఎల్లేశానికి ఆ చూపు తెలుసు. కానీ దాని వెనక ఏముందో ఎప్పటిలాగే అంతుపట్టలేదు.

అక్కడినుంచి ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. "చెప్పులు బయటే వదలవలెను" అని గోడ మీద ఎర్రక్షరాలు. రఘుపతి మాత్రం బూట్లు టకటకలాడిస్తూ ఏసీ గదిలోకి నడిచాడు. నర్సింహ తన చెప్పులు బయట వదిలి, ఒక మడమ ఆనించకుండా కుంటుతూ వచ్చాడు.

"కాలుకేమైంది?"

"స్కూటర్ స్టాండు తాకింది సాబ్."

బయటికి రాగానే ఎల్లేశం ఆగలేకపోయాడు. "రఘుపతే సాబ్! మడిగె కోసమే చేయించిండు."

"బూట్లు చూసినవా?" అని మాత్రం అన్నాడు లియాఖత్ అలీ.

మర్నాడు సాయంత్రం మడిగె నిండా జనం. రఘుపతి మిషన్ ఒకవైపు, జాహేదా ప్లైవుడ్ పలక మరోవైపు. లియాఖత్ అలీ మధ్యలో నిలబడ్డాడు.

"వైండింగ్ దుకాణంల చెప్పులు ఎవ్వరు ఇడ్వరు. దొంగ ఇడ్సిండు. ఎందుకు? కంప్యూటర్ కాడికి పోతే చెప్పులు ఇడ్వాలని ఆయన కాళ్లకు అలవాటైంది, మనసుకు చెప్పకుండనే అవి ఇడ్సినయ్. రఘుపతి గారు తన గదిలకే బూట్లతోటి పోతరు. ఆయన కాదు. కార్డు సంగతి తెలిసి, వట్టి కాళ్లతోటి రాగి ముక్కల మీద నడిచి, అదే రోజు కుంటినోడు ఒక్కడే ఉన్నడు. నర్సింహా, జర మడమ చూపియ్. స్టాండు తాకితే కమిలిపోతది. తీగ దిగితే సన్నటి రంధ్రం పడతది."

నర్సింహ కుంటికాలు వెనక్కి జరుపుకున్నాడు.

"సరే, రఘుపతి గారి మిషన్ తయారు చేసింది నువ్వే గద. గీ మిషన్ తెరువుండ్రి."

"నా మిషన్ ఎందుకు తెరుస్తరు?" రఘుపతి విసురుగా లేచాడు. భిక్షపతి ఒప్పుకోలేదు, తెరవాల్సిందేనన్నాడు. మూత తీయగానే లోపల చిన్న ఫ్యాన్, దాని చుట్టూ వార్నిష్ పూసిన వైండింగ్ దారం. యాకూబ్ ముడి అది. రఘుపతి ముఖం నల్లబడింది. "దేవుని తోడు, నాకు తెల్వది," అన్నాడు.

నర్సింహ ఒప్పుకున్నాడు. "కొత్త బ్రాంచి నాకే అప్పజెప్తనన్నరు. ఊరందరికి కార్డు దండుగని చెప్పిన. గా పిల్ల గెలిస్తే నా మాట ఎవరింటరు?"

జాహేదా ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "దండుగ కార్డు మీ మిషన్‌ల ఎందుకు పెట్టిన్రు సార్?"

నర్సింహ కార్డు ఊడదీసి ఆమె చేతికిచ్చాడు.

"ఇగ పందెం దేనికమ్మా, మడిగె నీదే," అన్నాడు భిక్షపతి.

"జాలికొద్ది ఇస్తే నాకొద్దు. పందెం నడవాలె!"

కార్డు పలక మీదికి చేరింది. రఘుపతి మిషన్ మీద కార్లు మలుపు మలుపుకూ ఆగి ఆగి గెంతాయి. ప్లైవుడ్ పలక మీద మాత్రం చివరిదాకా నీళ్లు పారినట్టు పోయాయి. జనం ఈలలు వేశారు. యాకూబ్ కళ్లు తుడుచుకున్నాడు, ఎల్లేశం కూడా.

ఆటల దుకాణం తెరిచిన రోజు ఎల్లేశం గడప ముందు అలవాటుగా వంగాడు. తలుపు పక్కన జాహేదా ఎర్రరంగుతో రాయించిన మాట కనిపించింది: "చెప్పులతోనే లోపలికి రండి."

ఎల్లేశం నిటారుగా లేచి, చెప్పుల చప్పుడు చేసుకుంటూ లోపలికి నడిచాడు.