కంచెకు అటూ ఇటూ దండేలు

సోమవారం ఉదయం ఏడు గంటలకే నోలీన్ తడిబట్టల బుట్టను నడుముకు ఆనించుకుని పెరట్లోకి వచ్చింది. గొడుగులా తిరిగే దండేన్ని మోచేత్తో ఒక్క తోపు తోసింది. అది కీచుమని మూలిగి, సగం తిరిగి, ఆగింది. నలభై ఏళ్ళుగా ప్రతి సోమవారమూ ఇంతే. ఎండ ఉన్నా ఆరేయడమే, గాలి ఉన్నా ఆరేయడమే, గాలి ఎంత జోరుగా ఉంటే అంత సంతోషంగా ఆరేయడమే.

ఊరికి ఉత్తరాన, సీసం కరిగించే కర్మాగారపు పొగగొట్టం ఆకాశంలోకి నిటారుగా నిలబడి ఉంది. దాని పొగ ఎటు వాలిందో నోలీన్ చూడలేదు. ఎన్నడూ చూడదు.

రేకుల కంచెకు అవతల ఫిలోమెనా మాత్రం ముందుగా ఆ పొగనే చూసింది. ఆ తరువాత తడిగుడ్డ తీసుకుని తన దండెపు తీగలను ఒక్కొక్కటిగా, ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచింది. చొక్కాలన్నీ తిరగేసి, దుప్పట్ల లోపలివైపును లోపలికే మడిచి, అప్పుడు క్లిప్పులు పెట్టింది. పొగ ఇటు వాలిందంటే చాలు, తడిసినవి తడిసినట్టే లాక్కుని ఇంట్లోకి పరుగెత్తుతుంది. ఆమె వయసు డెబ్భై నాలుగు.

"చూశావా టెగన్, తాడుకి స్నానం చేయిస్తోంది మహాతల్లి!" నోలీన్ వంటింటి కిటికీ వైపు తిరిగి గట్టిగానే అంది. "ఇంకాసేపాగితే పౌడరు కూడా రాస్తుంది."

"ఆవిడకి వినపడుతుంది, నోలీన్!"

"వినపడాలనే."

కిటికీలోంచి కోడలు నవ్వింది. అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చి, టెగన్ తన భర్త బ్రోడీతోనూ రెండేళ్ళ కూతురు ఏడీతోనూ ఈ ఇంటికి చేరి నాలుగు నెలలైంది. ఇక్కడ ఉతుకుడు అత్తగారి రాజ్యం. ఆ రాజ్యంలోకి ఎవరూ అడుగుపెట్టనక్కరలేకపోవడం టెగన్‌కు హాయిగా ఉండేది.

ఫోను మోగింది. క్లినిక్‌లో నర్సు.

"ఏడీ రక్తపరీక్ష వచ్చింది, టెగన్. పదమూడు."

టెగన్ పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది. వేరే ఊళ్ళలో పసిపిల్లల ఎత్తు అడుగుతారు, బరువు అడుగుతారు. ఈ ఊళ్ళో రక్తంలో సీసం ఎంతుందని అడుగుతారు. అయిదు దాటకూడదని ప్రతి తల్లికీ తెలుసు.

"పోయినసారి నాలుగే కదా?"

"అవును. కంగారుపడకు. మూడు నెలల్లో మళ్ళీ చూద్దాం. ఈలోగా ఎక్కడినుంచి వస్తోందో వెతుకు. నేల, దుమ్ము, బొమ్మలు, చేతులు, ఏదైనా కావచ్చు. ఈ వయసులో పిల్లల మెదడు..." నర్సు అక్కడ ఆగి, చేతులు తరచుగా కడగమని చెప్పి, ఫోను పెట్టేసింది.

ఆమె ఆగిన చోటే టెగన్ భయం మొదలైంది.

ఆ రోజంతా ఆమె ఇల్లు కడిగింది. గడప కడిగింది, కిటికీ అంచులు కడిగింది, గుడ్డ ఏనుగును కడిగింది. ఏడీ నోట్లో వేలు పెట్టుకుంటే ఉలిక్కిపడి లాగేసింది. పాప బిత్తరపోయి ఏడ్చింది. బ్రోడీ కర్మాగారంలోనే పనిచేస్తాడు, కానీ పని దుస్తులు అక్కడే వదిలి, అక్కడే స్నానం చేసి వస్తాడు. అయినా ఆ సాయంత్రం భర్త బిడ్డను ఎత్తుకోబోతే టెగన్ చేయి అడ్డం పెట్టింది. తరువాత సిగ్గుపడింది.

మంగళవారం నుంచి ఆమె బిడ్డ మాటలను లెక్కపెట్టసాగింది. బాతు. పాలు. ఇంకా. చెప్పు. నిన్న పలికిన మాటను ఈరోజు పలకకపోతే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేది. పాప "బంతి" అనలేదని, బంతిని పదిసార్లు ముఖం ముందు పెట్టి, "ఇదేంటమ్మా? చెప్పు, ఇదేంటి?" అని బతిమాలింది. పాప ఆ బంతిని తీసుకుని కంచె వైపు విసిరేసి, చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రమే బావగారు, బ్రోడీ అన్న గ్లెన్ వచ్చాడు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. ఊరి చెత్తబండి నడుపుతాడు. ఎవరికైనా సాయం చేస్తాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. జేబులోంచి ఒక ఉత్తరం తీసి తల్లి ముందు పెట్టి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నోలీన్ కళ్ళద్దాలు పెట్టుకుని, దానిని చదివి, "పళ్ళ డాక్టరు. శుక్రవారం పదింటికి," అంది. గ్లెన్ తలూపాడు. బళ్ళో తొమ్మిదేళ్ళు కూర్చున్నా అక్షరాలు అతని దగ్గర నిలవలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

టెగన్ టీకప్పు కడుగుతూ అతని వీపు వైపు చూసింది. ఏడీ పెరిగి, ఇలాగే ఒక కాగితం పట్టుకుని, ఇలాగే తన ముందు నిలబడినట్టు కనిపించింది.

గురువారం మధ్యాహ్నం గాలి తిరిగింది. నోలీన్ ముందుగదిలో రేడియో వింటోంది. పెరట్లో దుప్పట్లు ఒక్కసారిగా ఉబ్బి, తెరచాపల్లా లేచాయి. కంచె మీద ధబధబమని చప్పుడు.

"తీసెయ్ తల్లీ! పసిదాని గుడ్డలు తీసెయ్!" కంచె పైన ఫిలోమెనా ముఖం మాత్రమే కనబడుతోంది. ఏ బకెట్టు ఎక్కి నిలబడిందో ఏమో. "ఉత్తరపు గాలి! ఇంకా నిలబడి చూస్తావేం?"

"ఏమైందండీ?"

"ఇదిగో, ఈ గుడ్డతో మీ తీగ తుడిచి చూడు. నా మాట నమ్మకు. నీ కళ్ళని నమ్ము."

టెగన్ తడిగుడ్డ అందుకుని తీగను ఒక్క జానెడు తుడిచింది. గుడ్డ మీద నల్లని చార పడింది. ఆ తీగ మీదనే, ఆ చారకు పక్కనే, ఏడీ చిన్న దిండుగలీబు ఊగుతోంది. దాని ఒక మూల నలిగి, పీచులు తేలి ఉంది. పాప రాత్రంతా ఆ మూలను నోట్లో పెట్టుకుని చప్పరిస్తూనే నిద్రపోతుంది.

టెగన్ ఆ మూలను వేళ్ళతో పట్టుకుంది.

"ఇది ఆ పొగలోని సీసం దుమ్మని మీ అత్తకి అప్పుడే చెప్పాను," ఫిలోమెనా గొంతు తగ్గించింది. "గ్లెన్‌కి నాలుగేళ్ళు. ఆవిడ బజారుకెళ్ళింది, గాలి తిరిగింది. నేనే కంచె దూకి దుప్పట్లన్నీ తీసి వరండాలో పెట్టాను. వచ్చి నన్ను దొంగ అంది. నా గుడ్డలు ముట్టుకోవడానికి నువ్వెవరంది. ముప్పై అయిదేళ్ళయింది. పండగ పూట కూడా పలకరించదు."

టెగన్ గలీబును లాగి, దుప్పట్లను లాగి, క్లిప్పులు ఎగిరిపడుతున్నా ఆగకుండా అన్నీ చంకన పెట్టుకుని లోపలికి నడిచింది. నల్లచార పడిన గుడ్డను అత్తగారి ఒళ్ళో పరిచింది.

"ఏంటిది?" అంది నోలీన్.

"మన దండెం. బిడ్డ రాత్రంతా చప్పరిస్తోంది దీన్నే."

"ఆ ముసలిది ఎక్కించిందా నీకు? పొద్దస్తమానం తీగలు తుడుచుకునే మనిషి మాట పట్టుకుని నా మీదికొస్తున్నావా?"

"ఆవిడ మాట కాదు. ఈ చార చూడండి! పదమూడు, నోలీన్! పదమూడు!"

"నర్సు ఏమంది? నేలన్నది, బొమ్మలన్నది. దండెం అందా? నీ చేతకానితనానికి నా దండెం దొరికింది. ఇద్దరు మగపిల్లల్ని పెంచాను ఇక్కడ. ఈ దండెం, ఈ గాలి, ఈ ఎండ. ఏమైంది వాళ్ళకి? చెప్పు! ఏమైంది?"

టెగన్ నోరు తెరిచింది. ఆపుకోవాలనే అనుకుంది. ఆపుకోలేకపోయింది.

"గ్లెన్?"

ఒక్క పేరు. అంతే. రేడియోలో ఎవరో వాతావరణం చదువుతున్నారు. అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ బ్రోడీ, విప్పిన బూటు చేతిలో పట్టుకుని, "టెగన్, వద్దు," అన్నాడు. ఆ మాట ఆలస్యమైపోయింది.

నోలీన్ అరుస్తుందనుకున్నారు ఇద్దరూ. ఆమె అరవలేదు. ఒళ్ళోని గుడ్డను మడిచింది, మళ్ళీ మడిచింది, మడవడానికి వీలులేనంత చిన్నదయ్యేదాకా మడిచింది.

"ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే," అందామె, "అప్పుడూ తప్పే కదా, పిల్లా."

బ్రోడీ బూటును నేల మీద పెట్టాడు.

"ఆ రోజుల్లో పిల్లల రక్తం ఎవరూ చూడలేదు. ఎవరూ అంకె చెప్పలేదు. వాడు మొద్దు అన్నాడు మాస్టారు. సరే మొద్దే అనుకున్నా. మొద్దంటే ఎవరి తప్పూ కాదు కదా. కానీ అవతల అది తీగ తుడిచేది. తుడిచిన ప్రతిసారీ, దాని మాటే నిజమేమోనన్న అనుమానం వచ్చేది. నవ్వేస్తే తగ్గేది. అందుకే నవ్వేదాన్ని. ముప్పై అయిదేళ్ళు నవ్వాను."

ఆమె భయపడుతోందని టెగన్‌కు అప్పుడు అర్థమైంది. ఈ నాలుగు రోజులుగా తనను తినేస్తున్న భయాన్ని ఆమె టెగన్ వయసు కన్నా ఎక్కువ కాలంగా మోస్తోంది. టెగన్ నేల మీద కూలబడి, అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

"నేనూ తెలియక ఊరుకోలేదు, నోలీన్. ఏడీ పుట్టినప్పుడు కాగితం ఇచ్చారు. దండెం తుడవమని అందులో ఉంది. చదివాను. మీరు ఉతుకుతుంటే నాకు సుఖంగా ఉంది, నోరెత్తలేదు. మీ మీద అరిచింది నా తప్పు కనబడకూడదని."

నోలీన్ చేయి నెమ్మదిగా కోడలి జుట్టు మీదికి వచ్చింది.

మరునాటి ఉదయం నోలీన్ కంచె దగ్గరకు వెళ్ళి, గొంతు సవరించుకుంది.

"గుడ్డ ఎంత తడిగా ఉండాలి?"

అవతల క్లిప్పులు కిందపడిన చప్పుడు. "ఇన్నేళ్ళ తర్వాత మాట్లాడి, అడిగేది ఇదా?"

"చెప్తావా, చెప్పవా?"

"పిండితే చుక్క కారకూడదు. ప్రతి నాలుగు తీగలకీ ఒకసారి గుడ్డ ఉతకాలి. పసిదాని గుడ్డలు బయట వద్దే వద్దు. మా స్నానాలగదిలో తాడు కట్టాను, అక్కడికి పంపించు." కాసేపాగి, "దొంగనైనా సరే, గుడ్డలు మాత్రం శుభ్రంగా తిరిగిస్తాను," అంది ఫిలోమెనా.

మూడు నెలలు గడిచాయి. పాప చేతులు కడగడం, నేల తడిగుడ్డతో తుడవడం, గాలి చూడడం ఆ ఇంటికి ఊపిరైపోయాయి. భయం మాత్రం పోలేదు. పరీక్ష రోజున బ్రోడీకి పని ఉండడంతో గ్లెన్ కారు తెచ్చాడు. వేలి కొసన సూది గుచ్చగానే ఏడీ కెవ్వుమంది. రక్తపు చుక్క చిన్న యంత్రంలోకి వెళ్ళింది. మూడు నిమిషాలు. టెగన్ గోడ వైపు తిరిగింది. నోలీన్ కళ్ళు మూసుకుని పెద్ద కొడుకు చేయి పట్టుకుంది, అతని వేళ్ళు తెల్లబడేలా.

"ఎనిమిది," అంది నర్సు.

ఇంకా అయిదుకు పైనే. కానీ దిగింది. దిగుతోంది. టెగన్ బిడ్డ మెడలో ముఖం దాచుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

బయట కారు వెనకసీట్లో టెగన్ పాపను కూర్చోబెట్టాక, గ్లెన్ ముందు తలుపు తెరవబోతుంటే నోలీన్ ఆపింది.

"నీకో మాట చెప్పాలి. మన దండెం గురించి. నీ చదువు గురించి."

ఆమె చెప్పింది. తడబడుతూ, మధ్యమధ్య ఆగుతూ, ఏదీ దాచకుండా చెప్పింది. అది ఒక్కటే కారణమో కాదో ఎవరూ తేల్చలేరని, అయినా ఒకరు చెప్పినప్పుడు తాను వినలేదని చెప్పింది. గ్లెన్ తాళాల గుత్తిని అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు.

"తడి దుప్పట్ల మధ్య పరిగెత్తేవాణ్ణి," అన్నాడు చివరికి. "నువ్వు అటునుంచి కొంగలా వంగి వచ్చి పట్టుకునేదానివి. గుర్తుందా? నేను తెలివితక్కువ వాణ్ణని అప్పటికి ఎవరూ చెప్పలేదు."

"నువ్వు తెలివితక్కువ వాడివి కాదు నాన్నా. కాదు."

"మరైతే నేర్చుకోవచ్చేమో కదమ్మా." అతను వెనకసీట్లో నిద్రకు తూగుతున్న ఏడీ వైపు చూశాడు. "దీనికి అక్షరాలు చెప్పేటప్పుడు నాకు కబురు చెయ్యి. పక్కన కూర్చుంటాను."

నోలీన్ కొడుకు చొక్కాను గుండెల దగ్గర గుప్పిట పట్టుకుని నిలబడింది. టెగన్ ముందు తలుపు తెరిచి, అత్తగారిని మెల్లగా కూర్చోబెట్టి, బెల్టు పెట్టింది.