సీతారత్నం చివరి మాట

ఆ వారం అవనిగడ్డలో ఎరువుల కొట్టు దగ్గర ఎరువుల గురించి మాట్లాడినవాడు లేడు. అందరి నోటా సినిమాయే. పెద్దవాళ్లంతా వయసులో ఉండగా చదివి కళ్లు తుడుచుకున్న నవలని ఇన్నేళ్లకి ఎవరో సినిమా తీశారు. కథ దివిసీమదే. వరదలో బిడ్డని పోగొట్టుకున్న సీతారత్నం చివర్లో కృష్ణ రేవులో పడవెక్కి, ఒడ్డున నిలబడ్డ ఊరివాళ్లతో "వెళ్తున్నాను" అంటుంది. నవల అక్కడితో అయిపోతుంది. సినిమావాళ్లు ఆ మాట మార్చి "వెళ్లొస్తాను" అనిపించారు. అదీ గొడవ.

మార్చడమే బాగుందని సగం ఊరు, నవలని నట్టేట ముంచారని సగం ఊరు. కొట్టు యజమాని జీవానందం మొదటి పక్షం. ఆయన భార్య సుభాషిణి రెండో పక్షం, అదీ సినిమా చూడకముందే. "ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా?" అని జీవానందం నవ్వితే, "ఆ ఒక్క మాట కోసమే నవలంతా రాశాడాయన," అనేది. చూడకుండా తిట్టడం ఏం న్యాయమని పోరు పెట్టి, చివరికి ఆయనే శనివారం మ్యాట్నీకి పంపించాడు. తను మాత్రం సరుకు పనిమీద బందరు బస్సెక్కాడు.

సుభాషిణి వెంట అత్తగారు రమణమ్మ, ఐదేళ్ల కూతురు దుర్గ వెళ్లారు. పొద్దుటినుంచీ ముసురు. హాల్లో తడిసిన చీరల వాసన, మిరపకాయ బజ్జీల వాసన కలిసిపోయి ఊపిరాడనివ్వలేదు. సుభాషిణి సినిమా అంతా మూతి ముడుచుకునే చూసింది. రేవు సీను వచ్చేసరికి మాత్రం ఆమె కళ్లు కూడా తడిశాయి, ఎవరైనా అడిగితే ఒప్పుకోదు గానీ. పడవలో సీతారత్నం నిలబడి ఉంది. ఒడ్డు వైపు కాకుండా సూటిగా హాల్లో జనం వైపు చూసింది.

"వెళ్లొస్తాను."

ఎవరూ కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దంలో దుర్గ గొంతు గణగణలాడింది.

"మంచిదండీ, రండి."

హాలంతా గొల్లున నవ్వింది. తప్పు పిల్లది కాదు. ఇంటికొచ్చినవాళ్లు వెళ్లొస్తామంటే అలా అనాలని నేర్పింది సుభాషిణే. నలుగురిలో పిల్ల అలా అంటే లోలోపల మురిసిపోయేది కూడా. ఇప్పుడు సిగ్గుతో తల దించుకుంది. మళ్లీ తలెత్తేసరికి సీతారత్నం ఇంకా తెరమీదే ఉంది. పడవ కదల్లేదు. ఆవిడ చూపు నేల క్లాసు మీదుగా మెల్లగా జరిగి, ఆడవాళ్ల వరసల్లోకి వచ్చి ఆగింది... దుర్గ మీద.

తర్వాత లైట్లు వెలిగాయి.

బయట చూరు కింద రెండు పక్షాలూ అప్పుడే మొదలెట్టేశాయి. "కాస్త ఆశైనా మిగిల్చాడండీ," అంటున్నాడు ఒకాయన. "ఆశేమిటండీ, కథ గొంతు నులిమేస్తేను," అంటున్నాడు ఇంకొకాయన. సుభాషిణి ఎవరి మాటకీ అడ్డం వెళ్లలేదు. పిల్లని చంకనేసుకుని రిక్షా ఎక్కింది. వాన పడకుండా పట్టా దించాక మెల్లగా అడిగింది.

"అత్తయ్యా, చివర్లో ఆవిడ మనవైపు చూసిందా?"

రమణమ్మ పట్టా అంచు ఇంకాస్త కిందికి లాగింది.

"ఆ మనిషి నిజంగానే ఉండేదమ్మాయ్. నాగాయలంక అవతల. మా అమ్మ చూసింది. బిడ్డ పోయాక మతి చెడి, ఏ ఇంట్లో చంటిపిల్ల ఏడ్చినా గుమ్మంలోకి వచ్చి నిలబడేదట. చచ్చిపోయాక కూడా వచ్చేదట. నవల రాసినాయనది ఆ ఊరే. ఆ మాట ఊరికే పెట్టలేదనేవాళ్లు."

"ఏ మాట?"

"వెళ్తున్నానని. గడప దాటేటప్పుడు ఎవరైనా ఆ మాటంటారా? ఆవిడ చేత పనిగట్టుకుని అనిపించాడు. పుస్తకం అచ్చయ్యాక ఆవిడ మళ్లీ రాలేదట."

 సుభాషిణి ఇన్నాళ్లూ ఆ మాట అందంగా ఉందని వాదించింది గానీ, అది ఆవిడ తిరిగి రాకుండా వేసిన గొళ్లెం అనుకోలేదు. దుర్గ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇల్లు చేరేసరికి అసుర సంధ్య. కరెంటు లేదు. రమణమ్మ లాంతరు వెలిగించింది. పెంకుల మీద వాన ఒకే తీరుగా పడుతోంది. ముందుగా వచ్చింది వాసన. వరద తీశాక పొలాల్లో మిగిలే ఒండ్రు వాసన. పెరట్లోంచి కాదు. వీధి తలుపు సందులోంచి వస్తోంది...

తర్వాత తలుపు మీద చప్పుడు. తట్టడం కాదు. తడమడం.

"ఎవరు?"

జవాబు లేదు. జీవానందమైతే ఈపాటికి వీధంతా వినపడేలా గోల చేసేవాడు.

"ఆవిడమ్మా," అంది దుర్గ. "నేనే రమ్మన్నాగా."

బయట ఒక గొంతు. మెత్తగా... నోటినిండా నీళ్లు పెట్టుకుని మాట్లాడినట్టు.

"అమ్మా... పాప పిలిచిందమ్మా... తీసుకెళ్దామని వచ్చాను..."

సుభాషిణి పిల్లని గుండెకి అదుముకుంది. ఇంత భయం ఆమెకి పురిటిమంచం మీద కూడా వేయలేదు. "పో" అని తలుపు కేసి అరిచింది.  అయినా తడిమే చప్పుడు ఆగలేదు.

"నువ్వు కాదే," రమణమ్మ గుసగుసలాడింది. "పిలిచింది పిల్ల. అదే పొమ్మనాలి."

"దుర్గా, వెళ్లిపొమ్మని చెప్పమ్మా."

"అలా అనకూడదు కదా. నువ్వేగా చెప్పావు."

"ఈ ఒక్కసారికీ అనొచ్చు. అను."

"పాపం, తడిసిపోతోందమ్మా."

లోపలి గొళ్లెం కదిలింది. దానంతటదే. కొంచెం... ఇంకొంచెం... గడప కిందనుంచి నీళ్లు లోపలికి వచ్చాయి. వాననీళ్లు కావు. ఎర్రటి బురద నీళ్లు. సుభాషిణి పాదాలకి చల్లగా తగిలాయి. దుర్గ తలుపు వైపు చేతులు చాచింది.

సుభాషిణి దాని చెంప ఛెళ్లుమనిపించింది. పుట్టినప్పటినుంచీ ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు.

"అనవే."

దుర్గ బావురుమంది. వెక్కుతూ తలుపు కేసి చూసింది.

"వెళ్లిపో."

గొళ్లెం ఆగింది. వాన చప్పుడొక్కటే మిగిలింది. నీళ్లు వచ్చిన దారినే వెనక్కి తీశాయి. వాసన పోయింది. కాసేపటికి కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. రమణమ్మ గోడకి జారగిలబడి దణ్ణం పెట్టుకుంది. సుభాషిణి ఏడుస్తూనే నవ్వుతూ, కొంగుతో పిల్ల మొహం తుడిచింది. బుగ్గ మీద తన వేళ్ల వాతలు చూసి ప్రాణం ఉసూరుమంది. ముద్దు పెట్టుకోబోయింది.

దుర్గ మొహం పక్కకి తిప్పుకుంది. ఒళ్లోంచి దిగి, గౌను సర్దుకుని, కొత్తవాళ్ల ఇంట్లో నిలబడినట్టు ఒద్దికగా నిలబడింది. మూసిన తలుపు కేసి ఒకసారి చూసి, సుభాషిణి వైపు తిరిగింది.

"ఆంటీ," అంది మర్యాదగా, "మా అమ్మని ఎందుకు పంపించేయమన్నారు?"